అచ్చుతప్పులు మళ్లీ కనిపించాయి: ఎస్సిటాలోప్రామ్‌తో పద్నాలుగు నెలలు

నేను సమీక్షలు రాసే మనిషినే. వాషింగ్ మెషీన్ మీద రాశాను, నడుము నొప్పి తగ్గిస్తుందని చెప్పి అమ్మిన కుర్చీ మీద రాశాను, ప్రూఫులు చూసుకోవడానికి కొన్న మూడు టేబుల్ ల్యాంపుల మీద రాసి వాటిలో రెండింటిని తిట్టాను. మాత్ర మీద రాయడం మాత్రం ఇదే మొదలు.

"జ్వరం మాత్ర మీద ఎవరైనా సమీక్ష రాస్తారా?" అన్నారు మా ఆయన. రాయరు. జ్వరం మాత్ర పనిచేసిందో లేదో గంటలో ఒంటికే తెలిసిపోతుంది. దీని సంగతి వేరు. మొదటి పది రోజుల్లో అడిగి ఉంటే దీనికి ఒక్క చుక్క కూడా ఇచ్చేదాన్ని కాదు. ఆరో వారంలో అడిగితే ఐదుకు ఐదూ ఇచ్చేదాన్ని. నాలుగో నెలలో మళ్లీ సున్నా, అది మాత్రం నా తెలివితక్కువతనం వల్ల. ఇప్పుడు తీరిగ్గా లెక్కవేస్తే మూడున్నర తేలింది. పోయిన ఒకటిన్నర చుక్క ఎక్కడెక్కడ పోయిందో దారిలో చెబుతూ వస్తాను.

వస్తువు పేరు ఎస్సిటాలోప్రామ్. డిప్రెషన్‌కు, ఆందోళన జబ్బులకు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే మందుల కుటుంబంలో ఒకటి. పూర్తి పేరు సెలెక్టివ్ సెరటోనిన్ రీఅప్టేక్ ఇన్‌హిబిటర్లు. విప్పి చెబితే, నరకణం తాను విడిచిన సెరటోనిన్‌ను తానే వెనక్కి పీల్చుకోకుండా అడ్డుపడే మందులు. సాధ్యమైనంతవరకు ఆ ఒక్క పనే చేసే మందులు. 'సెలెక్టివ్' అన్న మాట చూసి మురిసిపోనక్కర్లేదు. దాని సంగతి కడుపు దగ్గరికి వచ్చినప్పుడు తేలుతుంది.

నా పని ప్రూఫులు దిద్దడం. ఇరవై రెండేళ్లుగా ఇదే. కళ్లు వాక్యం మీద నడుస్తూ నడుస్తూ తప్పు దగ్గర కాలికి రాయి తగిలినట్టు ఆగుతాయి. అలా ఆగడానికే నాకు జీతం ఇస్తారు.

కుంగుబాటు నాకు ఏడుపు రూపంలో రాలేదు. 'భాద' రూపంలో వచ్చింది. ఒక నవలలో నేను చూసి పంపిన పదహారు పేజీల ఫారం అచ్చయింది. అందులో 'బాధ' అన్న మాట ఏడుచోట్ల 'భాద' అని పడింది. ఒత్తు ఉండాల్సింది 'ద'కు, ఉన్నది 'బ'కు. బడిపిల్లలు చేసే తప్పు. ఏడింటినీ దాటుకుంటూ వెళ్లిపోయాను. ప్రచురణకర్త ఫోను చేసి, నా వయసుకు మర్యాద ఇచ్చి, "కళ్లద్దాలు మార్చుకోవాలేమో చూడండి అమ్మా" అన్నారు. మార్చాను. కొత్త అద్దాల్లోంచి అక్షరాలు ఇంకాస్త నల్లగా కనిపించాయి, అంతే. పేరా చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తుండేది కాదు. తెల్లవారుజామున మూడున్నరకు మెలకువ వచ్చేది, ఆ తరువాత నిద్ర లేదు. తల దువ్వుకోవడం కూడా రేపటికి వాయిదా వేసే పని అయింది. ఎవరైనా నవ్వు పుట్టించే మాట చెబితే ఇక్కడ నవ్వాలి అని తెలిసేది. నవ్వు మాత్రం వచ్చేది కాదు.

నాలుగు నెలలు అలా గడిచాక మా అమ్మాయి అంది: "అమ్మా, నువ్వు ఈ మధ్య ఎవరినీ విసుక్కోవడం లేదు. నాకు భయంగా ఉంది." అదే నన్ను సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకువెళ్లింది.

డాక్టరుగారు ముందు ఒక కాగితం ఇచ్చారు. పీహెచ్‌క్యూ-9 అంటారు దాన్ని. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు, మొత్తం 27. ఎక్కువ మార్కులు వస్తే సంతోషించకూడని పరీక్ష ఇదొక్కటే అనుకుంటాను. నాకు 19 వచ్చాయి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. అక్కడ కలం కాసేపు ఆగింది. చివరికి 'కొన్ని రోజులు' అన్నచోట టిక్కు పెట్టాను. ఆవిడ మిగిలిన ఎనిమిదింటినీ పక్కన పెట్టి ముందు దాని గురించే అడిగారు, గడియారం వైపు చూడకుండా. నిజం చెప్పడం అనుకున్నంత కష్టం కాలేదు.

తరువాత థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు రాశారు. ఇంకో ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది. "ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా, పట్టలేని హుషారుగా, డబ్బు నీళ్లలా ఖర్చుచేస్తూ గడిపారా?" నేను లేదన్నాను. బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకు కుంగుబాటు దశలో ఈ మాత్ర ఒక్కటే ఇస్తే అవతలి అంచుకు, ఉన్మాదం వైపుకు తోసే ప్రమాదం ఉంటుందట. ఈ ప్రశ్న అడగకుండా ఎవరైనా మీకు ఈ మందు రాసిస్తే, మీరే కల్పించుకుని చెప్పండి. మోకాలి నొప్పికి నేను అప్పుడప్పుడు వేసుకునే ఐబుప్రొఫెన్ గురించి కూడా రాబట్టారు. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకు కూడా సెరటోనిన్ అవసరం. ఈ మందు దాన్ని వాటికి అందనివ్వదు. రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. నేను పారాసిటమాల్‌కు మారాను.

ఇక మాత్ర. చిన్నది, తెల్లది, మధ్యలో గీత. మొదటి వారం సగం, అంటే 5 మిల్లీగ్రాములు. రెండో వారం నుంచి 10. పెద్దవాళ్లకు మామూలు మోతాదు పది, గరిష్ఠం ఇరవై. రోజుకు ఒక్కసారే, భోజనానికి ముందా తరువాతా అన్న పట్టింపు లేదు. సగం చేసినప్పుడు పూత లేని వైపు నాలుకకు తగిలితే చేదు. వస్తువుగా ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు.

పెట్టెలో ఉన్న కాగితం గురించి మాత్రం చెప్పాలి, అది నా వృత్తిధర్మం. మడతలు విప్పితే ఒళ్లో పట్టనంత కాగితం. అక్షరాలు ఆరు పాయింట్లకు మించవు. సైడ్ ఎఫెక్టులను ఎంత తరచుగా వస్తాయో దాన్నిబట్టి వరుసగా పేర్చారు. పదిమందిలో ఒకరికి మించి వచ్చేవి: వికారం, తలనొప్పి. ఆ కిందివరుసలో నిద్రలేమి, నిద్రమత్తు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. చెమటలు, ఆవులింతలు, విరేచనాలు, మలబద్ధకం. ఒకే మాత్ర కొందరిని నిద్రపోనివ్వదు, కొందరిని లేవనివ్వదు. నాకు చిరాకు తెప్పించింది అది కాదు. ఆవులింతలకూ, ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరికకూ ఒకే సైజు అక్షరాలు వాడారు. ఈ రెండోదాన్ని అమెరికాలో 2004 నుంచి నల్లగీతల చట్రంలో వేయాలని నియమం పెట్టారు, ముందు పిల్లలకూ కౌమారంలో ఉన్నవాళ్లకూ. 2007లో 24 ఏళ్ల వయసు దాకా పొడిగించారు. మొదలుపెట్టిన తొలి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు, చిన్న వయసువాళ్లను ఇంట్లోవాళ్లు ఓ కంట కనిపెట్టి ఉండాలి. చట్రం గీయడానికి కంపోజింగ్‌లో ఒక్క నిమిషం పట్టదు.

అయితే ఆ రోజు ఇదంతా చదివి నేను భయపడలేదు. భయపడే ఓపిక కూడా లేదు.

మాత్ర లోపల ఏం చేస్తుందో డాక్టరుగారు చెప్పింది నేను నా భాషలోకి మార్చుకున్నాను. నేను పనిలో చేరిన ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజింగ్ గదికీ ప్రూఫు గదికీ మధ్య చిన్న కిటికీ ఉండేది. కంపోజిటరు ప్రూఫు కాగితాలు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టేవాడు, ఇవతల నుంచి నేను తీసుకునేదాన్ని. నేను తీసుకోకుండా మిగిలినవాటిని వెనక్కి పట్టుకుపోవడానికి ఒక కుర్రాడు ఉండేవాడు. మహా చురుకు. నేను చేయి చాచేలోపే గట్టు ఖాళీ. రెండు నరకణాల మధ్య ఉండే సన్నని సందు ఆ కిటికీ గట్టు. కాగితాలు సెరటోనిన్. వెనక్కి పట్టుకుపోయే కుర్రాడు సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ అనే ప్రొటీను. మాత్ర చేసేదల్లా ఆ కుర్రాడి చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టడం. గట్టు మీద కాగితాలు ఇంకాస్తసేపు ఉంటాయి, ఇవతలివాళ్లు తీసుకోవడానికి వీలవుతుంది.

కుర్రాడిని కూర్చోబెట్టడం మొదటి రోజు గంటల్లోనే అయిపోతుంది. మరి మనసు తేలికపడటానికి వారాలు ఎందుకు? ఇదే అడిగాను. దానికి చెప్పే వివరణల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. గట్టు మీద కాగితాలు పేరుకుపోవడం చూసి కంపోజిటరు "వీళ్లు చదవడం లేదు" అనుకుని పంపడమే తగ్గిస్తాడు. విడిచిన నరకణం మీదే కాపలా గ్రాహకాలు ఉంటాయి, అవి అలా పసిగట్టి వేగం తగ్గిస్తాయి. రెండు మూడు వారాలకు ఆ గుట్టకు అలవాటుపడి మొద్దుబారతాయి. అప్పుడు కంపోజిటరు మళ్లీ మామూలు వేగం అందుకుంటాడు, కుర్రాడు మాత్రం కూర్చునే ఉంటాడు. దాని వెనక నరకణాల అల్లికల్లో నెమ్మదిగా జరిగే మార్పులు వేరే ఉన్నాయి, వాటికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది.

"అయితే నాకు సెరటోనిన్ తక్కువైందన్న మాట" అన్నాను. ఆవిడ నవ్వి, "జ్వరం పారాసిటమాల్ తక్కువై వస్తుందా?" అన్నారు. సెరటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి నిలకడైన ఆధారాలు లేవని 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్షా పత్రం తేల్చింది. దాన్ని పట్టుకుని మందే పనిచేయదని కొందరు అంటున్నారు. అది వేరే ప్రశ్న. పనిచేస్తుందా అన్నదానికి 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ఉంది: 21 రకాల మందులు, 522 పరీక్షలు, లక్షా పదహారు వేలకు పైగా మనుషులు. అన్ని మందులూ లోపల మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గానే పనిచేశాయి. కాకపోతే సగటున ఆ తేడా ఓ మోస్తరుదే. అదీ సగటు మాత్రమే, విడివిడిగా చూస్తే ఎవరికి వారికి వేరు. మొదటి మందుతోనే పూర్తిగా కోలుకునేవాళ్లు సుమారు మూడోవంతు. మిగిలినవాళ్లకు మోతాదు పెంచడమో, మందు మార్చడమో, ఇంకొకటి కలపడమో ఉంటుంది. నేను ఆ మూడోవంతులో పడ్డాను. ఈ సమీక్ష చదివేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి.

మొదటి పక్షం రోజుల మాట. రెండో రోజు ఉదయం నుంచే వికారం. శరీరంలో ఉన్న సెరటోనిన్‌లో తొంభై శాతం మెదడులో కాదు, పేగుల్లో ఉంటుంది. మాత్రకు ఆ సంగతితో పని లేదు, కుర్రాడు ఎక్కడ కనిపిస్తే అక్కడ కూర్చోబెడుతుంది. 'సెలెక్టివ్' అంటే రసాయనాన్ని ఎంచుకోవడమే, చోటును ఎంచుకోవడం కాదు. నాలుగో రోజు నుంచి కాళ్లలో ఒక అలజడి, కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోయాను. నిద్ర అంతకుముందు మూడున్నరకు పోయేది, ఇప్పుడు రెండున్నరకే. కలలు మాత్రం రంగులద్దినట్టు వచ్చేవి. ఒక కలలో ఒక పెద్ద నిఘంటువులో అన్ని పదాల తరువాతా 'ళ' ఒకటే ఉంది. ఆరో రోజు రాత్రి మాత్రల షీటు మొత్తం చెత్తబుట్టలో వేసి, పది నిమిషాల తరువాత లేచి తీసుకున్నాను.

వారానికే రమ్మన్నారు కాబట్టి సరిపోయింది. మాత్రను రాత్రి నుంచి ఉదయానికి మార్చారు, వికారం పదో రోజుకు దానంతట అదే తగ్గుతుందన్నారు. పన్నెండో రోజుకు తగ్గింది. ఈ మందు మొదట కష్టపెట్టి తరువాత మేలు చేస్తుంది. కుంగిపోయిన మనిషి దగ్గర లేనిది సరిగ్గా ఆ ఓపికే. అర చుక్క ఇక్కడ తీసేశాను.

ఎప్పుడు పనిచేయడం మొదలుపెట్టిందో నాకు రోజుతో సహా తెలుసు. ముప్ఫై ఏడో రోజు. వ్యక్తిత్వ వికాసం మీద ఎవరో రాసిన పుస్తకం ప్రూఫు చూస్తున్నాను. ఒక అధ్యాయం పేరు 'జీవితానికి అర్ధం ఏమిటి?' చేయి ఆగింది. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. జీవితానికి సగం ఏమిటని అడుగుతున్నాడీయన. ఎర్ర కలంతో 'ధ'ను కొట్టేసి అంచున 'థ' రాశాను. కింద చూస్తే అదే పేజీలో ఇంకో నాలుగు. "థకూ ధకూ తేడా తెలియనివాడు జీవితం గురించి చెప్పడానికి బయలుదేరాడు" అని పైకే అన్నాను, గట్టిగానే. పక్కగదిలోంచి మా అమ్మాయి తొంగిచూసి, "ఏమన్నావమ్మా?" అంది. మళ్లీ అన్నాను. అది లోపలికి వెళ్లి వాళ్ల నాన్నతో గుసగుసగా "తిడుతోంది, తిడుతోంది" అనడం నాకు వినిపించింది.

నాకు సంతోషం కలగలేదు. ఇది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని సంతోషం మాత్ర అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. బాగున్న మనిషి వేసుకుంటే ఉల్లాసం రాదు, వికారం వస్తుంది. నాకు తిరిగొచ్చింది విసుగు. రాయి తగిలినచోట కాలు ఆగడం. నిద్ర ఐదింటి దాకా పట్టింది. దువ్వెన చేతిలోకి తీసుకోవడానికి నాతో నేను వాదించుకోవాల్సిన పని లేకపోయింది. ఎనిమిదో వారంలో ఆ తొమ్మిది ప్రశ్నల కాగితంలో 6 వచ్చాయి, తొమ్మిదోదానికి సున్నా. అప్పుడే ఇంకొకటి కూడా చేశాను: పెట్టెలోని ఆ పెద్ద కాగితాన్ని మళ్లీ మొదటినుంచీ చదివాను. వెనకవైపు రెండో మడత కింద ఒకే పదం వెంటవెంటనే రెండుసార్లు అచ్చయి ఉంది. అంతకుముందు కనీసం నాలుగుసార్లు చదివి ఉంటాను, ఒక్కసారీ కనిపించలేదు. సున్నా చుట్టి కంపెనీకి ఉత్తరం రాశాను.

ఇప్పుడు రెండో అర చుక్క. నాకు వరసకు పిన్ని అయ్యే ఆవిడ పోయారు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. అందరూ ఏడుస్తుంటే నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. దుఃఖం ఉందని తెలుసు, లోపల ఎక్కడో గాజు అవతల ఉన్నట్టు ఉంది, కళ్లలోకి మాత్రం రాలేదు. నన్ను చూసి కొందరు గట్టిదనుకున్నారు, కొందరు రాయి అనుకున్నారు. ఈ మందులతో భావాలు ఇలా మొద్దుబారడం కొందరికి జరుగుతుంది. కుంగుబాటులో ఏమీ అనిపించకపోవడానికీ దీనికీ తేడా ఉంది: ఇందులో బరువు లేదు. ఆ తేడా ఆ రోజు నాకు ఊరటనివ్వలేదు.

ఈ అర చుక్కకే రెండో కారణం దాంపత్యం. కోరిక తగ్గుతుంది, తగ్గకపోయినా గమ్యం చేరడం కష్టమవుతుంది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ కూడా. ఈ కుటుంబం మందులన్నింటిలోనూ చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే, ఎవరూ నోరు విప్పనిదీ ఇదే. ఈసారి అడుగుదాం అనుకుని రెండుసార్లు అడగకుండా తిరిగొచ్చాను. మూడోసారి మా ఆయనను బయట కూర్చోబెట్టి అడిగాను. డాక్టరుగారికి అది రోజూ వినే మాటే. మోతాదు తగ్గించడం, బుప్రోపియాన్ లాంటి వేరే తరగతి మందుకు మారడం లేదా దాన్ని కలపడం వంటి దారులు ఉన్నాయన్నారు. కొందరికి మందు ఆపాక కూడా ఈ ఇబ్బంది కొనసాగినట్టు నమోదైందని దాచకుండా చెప్పారు. నేను కొంతకాలం ఓపిక పట్టడానికే మొగ్గాను. ఆ నిర్ణయం మా ఇద్దరిదీ.

మూడో అర చుక్క ఎక్కువ భాగం నా తప్పు, కొంత మందుది. నాలుగో నెలలో అన్నీ బాగున్నాయి కదా అని ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. మూడో రోజు కళ్లు పక్కకు తిప్పితే తలలో సన్నగా కరెంటు కొట్టినట్టయింది. 'జివ్వు'మని ఒక శబ్దం లాంటిది, నొప్పి కాదు. ప్రూఫు చూడటమంటే కళ్లు ఎడమ నుంచి కుడికి పరుగెత్తడమే కదా. ప్రతి పంక్తి చివరా ఒక షాకు. కళ్లు తిరగడం, చెమటలు, అకారణమైన ఏడుపు. జబ్బు తిరగబెట్టిందనే అనుకున్నాను. కాదట. మందు హఠాత్తుగా మానితే రెండు మూడు రోజుల్లోనే, అంతకుముందు ఎన్నడూ లేని ఇలాంటి లక్షణాలతో వచ్చేది మందు మానడం వల్ల వచ్చే తిప్పలు. జబ్బు తిరగబెడితే సాధారణంగా వారాలు పడుతుంది, పాత ముఖంతోనే వస్తుంది. మళ్లీ మాత్ర వేసుకున్నాను, రెండు రోజుల్లో షాకులు ఆగాయి. మత్తుమందులా ఇంకా ఇంకా కావాలనిపించేది కాదు ఇది. కానీ ఒళ్లు దీనికి అలవాటుపడుతుంది, ఒక్కసారిగా లాగేస్తే ఊరుకోదు. ఇది మొదటి రోజే చెప్పాల్సిన మాట. నాకు చెప్పారేమో కూడా. ఆ రోజు చెప్పినవాటిలో సగం నా తలకెక్కలేదు.

ఈ విషయంలో ఈ కుటుంబంలోని మందుల మధ్య తేడాలు చాలా ఉన్నాయి. అమెరికాలో 1987 చివర్లో అనుమతి పొంది, ప్రోజాక్ పేరుతో ఈ తరగతి మొత్తానికీ పేరు తెచ్చిన ఫ్లూఆక్సెటిన్ ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది. అందుకే అది మానేటప్పుడు మెత్తగా దిగుతుంది. పారాక్సెటిన్ ఒకటి రెండు రోజుల్లో సగానికి పైగా వెళ్లిపోతుంది, ఒకటి రెండు మాత్రలు మరిచిపోయినా గుర్తుచేస్తుంది. సెర్ట్రాలిన్, నా ఎస్సిటాలోప్రామ్ మధ్యలో ఉంటాయి. ఎస్సిటాలోప్రామ్ పుట్టుక నాలాంటివాళ్లకు నచ్చే కథ. దాని అక్క సిటాలోప్రామ్‌లో ఒకే అణువు రెండు రూపాల్లో ఉంటుంది, సీసపు అచ్చు అక్షరమూ కాగితం మీద పడిన అక్షరమూ లాగా, ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. పని దాదాపు అంతా ఒక రూపమే చేస్తుందని తెలిసి దాన్ని విడదీస్తే వచ్చింది ఎస్సిటాలోప్రామ్. నిజానికి ఈ కుటుంబంలో మొదట మార్కెట్లోకి వచ్చింది వీటిలో ఏదీ కాదు, జిమెలిడిన్. 1982లో వచ్చి, కొందరిలో గులియన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు కనిపించడంతో మరుసటి ఏడాదే వెనక్కి వెళ్లిపోయింది.

కోలుకున్నాక కనీసం ఆరు నెలలు కొనసాగించాలన్నారు. మళ్లీ మళ్లీ కుంగుబాటు వచ్చినవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం. ఈలోగా వారానికోసారి పన్నెండు వారాలు మాటల చికిత్సకు వెళ్లాను. దాని సమీక్ష వేరే రాయాలి. ఇక్కడ ఒక్కమాట: మాత్ర నన్ను కుర్చీలో కూర్చోబెట్టగలిగింది, ప్రతి అచ్చుతప్పుకూ నన్ను నేను శిక్షించుకునే అలవాటును ముట్టుకోలేదు. అది మాటలతోనే కదిలింది. కుంగుబాటు తేలికపాటిదైతే మాత్ర కన్నా ముందు ఈ దారే చూడమంటారు చాలామంది వైద్యులు.

ఇతర మందులతో వాడేవాళ్లు జాగ్రత్త. నాకు దగ్గు వచ్చినప్పుడు సిరప్ సీసా మీద డెక్స్‌ట్రోమెథార్ఫాన్ అన్న పేరు చూసి ఫోను చేసి అడిగాను, వద్దన్నారు. నొప్పులకు ఇచ్చే ట్రమడాల్, ఎంఏఓ నిరోధకాలు అనే పాతతరం డిప్రెషన్ మందులు, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్, ఇవి దీంతో కలిస్తే సెరటోనిన్ మితిమీరి వణుకు, జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం దాకా వెళ్లవచ్చు. పెద్ద వయసువాళ్లలో రక్తంలో సోడియం పడిపోయే అవకాశం ఉంది. మాటల్లో తడబాటు, తూలడం కనిపిస్తే వయసు మీదికి తోసేయకుండా పరీక్ష చేయించాలి. గుండె లయలో తేడా ఉన్నవాళ్లు ఎస్సిటాలోప్రామ్‌కు ముందు ఈసీజీ గురించి అడగాలి.

పదమూడో నెలలో తగ్గించడం మొదలుపెట్టాం. పది నుంచి ఐదుకు దిగినప్పుడు పెద్దగా ఏమీ తెలియలేదు. అయితే ఐదు నుంచి సున్నాకు కూడా అలాగే దిగవచ్చు కదా అన్నాను. కుదరదన్నారు, కుర్రాళ్ల లెక్క చెప్పారు (ఈపాటికి ఆవిడ కూడా నా భాషలోనే మాట్లాడుతున్నారు). మామూలు మోతాదులో పదిమంది కుర్రాళ్లలో ఎనిమిది మంది కూర్చుని ఉంటారు. మోతాదు సగం చేస్తే సగం మంది లేస్తారనుకుంటాం. ఒకరో ఇద్దరో లేస్తారు. మిగిలినవాళ్లంతా ఆఖరి కొద్ది మిల్లీగ్రాముల దగ్గర ఒకేసారి లేచి పరుగెడతారు. కాబట్టి కిందికి వెళ్లేకొద్దీ మెట్లు చిన్నవి కావాలి. మాత్ర తయారుచేసినవాళ్లకు ఈ సంగతి పట్టినట్టు లేదు. మధ్యలో ఒక గీత ఉంది, సగం వరకు సరే. పావు చేయబోతే ఒక ముక్క పొడి అవుతుంది, ఒక ముక్క ఎగిరి బల్ల కింద పడుతుంది. చుక్కలుగా వేసుకునే ద్రవరూపం ఉందని తెలిశాక దానికి మారాను. వెక్కిరింతగా అనిపించినా, చుక్కలు తీసేస్తూ వచ్చిన మందును ఇప్పుడు చుక్కలు లెక్కపెట్టి వేసుకుంటున్నాను.

నెలన్నరగా ఐదు మీద ఉన్నాను. మొన్న ఒక పాత ఉత్తరం చదువుతుంటే కళ్లు తడిశాయి. మా ఆయన చూసి కంగారుపడితే బాగానే ఉన్నానని చెప్పాను. వచ్చే సోమవారం నాలుగుకు దిగాలి. ఆ వారం కొత్త ప్రూఫులు ఒప్పుకోలేదు, షాకులు వస్తాయేమోనని. కంపెనీ నుంచి ఉత్తరానికి జవాబు రాలేదు, పోయిన నెల తెచ్చిన పెట్టెలోని కాగితంలో ఆ పదం ఇంకా రెండుసార్లే ఉంది. మళ్లీ రాస్తాను.